మీ సంతకంతో ఏం మారుతుంది?

ఉద్యోగం, నాయకత్వం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. హోదా పెరిగింది, జీతం పెరిగింది, కింద పనిచేసేవాళ్లు పెరిగారు. మన వల్ల ఎవరికైనా నిజంగా మేలు జరుగుతోందా అన్నది మాత్రం తేలడం లేదు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. పాఠకుల పేర్లు, సంస్థల పేర్లు తీసేశాం.

ప్రశ్న: హైదరాబాదులో ఒక బహుళజాతి కంపెనీలో ఇంజినీరింగ్ మేనేజర్‌ని. వయసు 41. నా కింద 38 మంది ఉన్నారు. వచ్చే ఏడాది డైరెక్టర్ అయ్యే అవకాశం ఉంది. శనివారాలు ఒక స్వచ్ఛంద సంస్థలో పిల్లలకు లెక్కలు చెబుతాను. వారం మొత్తంలో తృప్తినిచ్చేది ఆ రెండు గంటలే. ఉద్యోగం మానేసి అటే వెళ్లిపోదామా అనిపిస్తోంది.
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: ఇప్పుడే రాజీనామా వద్దు. శనివారం మీరు చెప్పే లెక్కలు బీయస్సీ చదివిన కుర్రాడు కూడా చెప్పగలడు. వారంలో మిగతా రోజులు మీరు తీసుకునే నిర్ణయాలు మాత్రం ఆ కుర్చీలో ఉన్న మనిషి తప్ప మరొకరు తీసుకోలేరు. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఎవరికి ఏ రేటింగ్, రాత్రి కాల్‌లో ఎవరు కూర్చోవాలి, కాంట్రాక్టు ఉద్యోగిని కొనసాగించాలా వద్దా: ఇవన్నీ 38 ఇళ్ల మీద పడే నిర్ణయాలు. ముందు అక్కడ మొదలుపెట్టండి.

గడిచిన రెండు వారాల క్యాలెండర్ ముందేసుకోండి. ప్రతి గంట పక్కనా ఒక గుర్తు పెట్టండి: మీరు లేకపోయినా జరిగిపోయేది, మీరు ఉండి తీరాల్సింది, మీరు ఉన్నందువల్ల ఒక మనిషికి తేడా పడింది. ఈ మూడో గుర్తు వారానికి మూడు నాలుగు గంటలకు మించి కనిపించకపోతే ఆశ్చర్యపోకండి. మొదటి గుర్తున్న వాటిలోంచి వారానికి నాలుగు గంటలు విడిపించడం మీ మొదటి పని. స్టేటస్ మీటింగుల్ని శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపే అర పేజీ నోట్‌గా మార్చవచ్చు. మిగిలిన వాటికి మీ బదులు ఒక సీనియర్ ఇంజినీర్‌ని పంపండి, అక్కడికక్కడే నిర్ణయం చెప్పే అధికారం ఇచ్చి పంపండి. చాలామంది పంపినట్టే పంపి, సాయంత్రం మళ్లీ పిలిచి అన్నీ అడిగి, నిర్ణయం మార్చేస్తారు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఆ ఇంజినీర్ అక్కడ నోరు విప్పడు, మీ నాలుగు గంటలూ వెనక్కి వచ్చేస్తాయి.

విడిపించిన సమయాన్ని మూడు చోట్ల పెట్టమని మా సలహా. మొదటిది రాత్రి కాల్స్. అమెరికా పసిఫిక్ తీరానికీ మనకూ వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. వాళ్లు ఉదయం 8 గంటలకు మీటింగ్ పెడితే మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. చాలా టీముల్లో ఈ భారం పూర్తిగా మనవైపే ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి అలాగే సాగుతుంది. వారంలో రెండు రోజులు మనవాళ్లు రాత్రి ఉండేలా, ఒక రోజు మనకు ఉదయం 7:30 అయ్యేలా ప్రతిపాదించండి. వేసవిలో అది వాళ్లకు ముందురోజు సాయంత్రం 7 గంటలు. నవంబరులో వాళ్ల గడియారం మారినప్పుడు వేళలన్నీ గంట జరుగుతాయి కాబట్టి అక్టోబరు చివరిలోనే కొత్త వేళలు ఖరారు చేసుకోండి. చంటిపిల్లల తల్లులు ఉద్యోగం మానేయడానికి చెప్పే కారణం ఒకటైతే, అసలు కారణం చాలాసార్లు ఈ రాత్రి తొమ్మిదిన్నరే.

రెండోది నియామకాలు. జిల్లాల్లోని కాలేజీల నుంచి వచ్చేవాళ్లు మొదటి రౌండ్‌లోనే ఎందుకు పోతున్నారో చూడండి. ఎక్కువగా ఇంగ్లిష్ తడబాటు వల్ల పోతారు, కోడ్ రాకపోవడం వల్ల కాదు. దీనికి మందు జాలి చూపడం కాదు, ఇంటర్వ్యూ పద్ధతి మార్చడం. అందరికీ అవే ఐదు ప్రశ్నలు వేయండి. తొంభై నిమిషాల్లో చేయగల నిజమైన పని ఒకటి ఇవ్వండి, అంటే మీ కోడ్‌లోంచే తీసిన పాత బగ్ లాంటిది. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఒకటి నుంచి నాలుగు వరకు మార్కులు రాసి పంపాలి. చర్చ తరవాత మార్కులు వేస్తే సీనియర్ ఏమంటే అందరూ అదే రాస్తారు. కావాలని ఒకటి నుంచి నాలుగు అన్నాం. ఐదు పాయింట్ల స్కేలు పెడితే అందరూ మూడు వేసి తప్పించుకుంటారు. అలా తీసుకున్నవారికి మొదటి ఆరు నెలలు మేనేజర్ కాని ఒక తోడు మనిషిని చూపించండి, ఆ తోడు మనిషి పనిలో వారానికి రెండు గంటలు దీనికని లెక్కలో రాయండి. ఆ రెండు గంటలు లెక్కలో లేకపోతే రిలీజ్ ఒత్తిడి వచ్చిన మొదటి వారమే తోడు మాయమవుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల తనకే రాదనుకుని మౌనంగా ఉండిపోతుంది.

మూడోది రేటింగులు. నెలకోసారి ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు రాసి పెట్టుకోండి: ఏం చేశారు, ఎవరికి పనికొచ్చింది, ఆధారం ఎక్కడుంది. 38 మందికి నెలకు రెండు గంటలు చాలు. మేనేజర్లంతా కూర్చుని రేటింగులు సరిపెట్టే సమావేశంలో మాట నెగ్గేది ఆధారం ఉన్నవాడిదే. ఆధారం లేకపోతే చివరి రెండు నెలల పనే అందరికీ గుర్తుంటుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపినవాడు కనిపిస్తాడు, అది పడిపోకుండా ఏడాదంతా చూసినవాడు కనిపించడు. మీ కాగితం ఆ రెండోవాడి కోసం. ప్రసూతి సెలవు 26 వారాలు తీసుకున్నవారిని పనిచేసిన మిగతా 26 వారాల మీదే తూచాలి. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే మంచి ఇంజినీర్ కూడా 'మధ్యరకం' అయిపోతుంది, పైగా ఆ మాట మరుసటి ఏడాది కూడా వెంటాడుతుంది.

ఇవి మీ పదోన్నతికి అడ్డమా? చెప్పే తీరును బట్టి ఉంటుంది. 'సమాజ సేవ' అని రాస్తే మీ పైవాళ్లు మెచ్చుకుని పక్కన పెడతారు. ఏడాది మొదట్లో మీ లక్ష్యాల్లోనే రాయించండి: ఉద్యోగం వదిలి వెళ్లేవారి శాతం ఎంత నుంచి ఎంతకు, కొత్తగా చేరినవారు సొంతంగా పని చేయడానికి పడుతున్న వారాలు ఎన్ని నుంచి ఎన్నికి, రాత్రి కాల్స్ ఎన్ని నుంచి ఎన్నికి. ప్రస్తుత అంకెలు మొదలుపెట్టే ముందే నమోదు చేయండి. చాలామంది తప్పేది ఇక్కడే: ఆర్నెల్ల తరవాత మార్పు కనిపిస్తుంది కానీ ముందు ఎలా ఉండేదో కాగితం మీద ఉండదు. ఇదంతా చేసినా అస్సలు లెక్కలోకి తీసుకోని కంపెనీలూ ఉంటాయి. ఏడాదిన్నర చూసి అలాగే ఉంటే మారాల్సింది రంగం కాదు, కంపెనీ.

ఇక మానేయడం గురించి. ఎస్.ఆర్. శంకరన్ ఐఏఎస్‌లోనే ఉండి వెట్టిచాకిరి విముక్తి కోసం, దళిత పిల్లల గురుకులాల కోసం పనిచేశారు. ఆయన చేతిలో ఉన్న సాధనం ప్రభుత్వ ఫైలే. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాలో రోచెస్టర్‌లోని ఉద్యోగం వదిలివచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టారు. వదిలింది ఉద్యోగాన్నే, కంటి వైద్యాన్ని కాదు. మీరు మానేస్తే చేయబోయే పనిలో మీ ఇరవై ఏళ్ల అనుభవం వాడకంలోకి వస్తుందా అని చూసుకోండి. ఈఎంఐలతో కలిపి ఏడాది ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. అంతకుముందు ఆ సంస్థలో మూడు నెలలు పాఠం చెప్పకుండా, వాళ్ల జమాఖర్చులో, నిధుల వేటలో, సిబ్బంది తగాదాల్లో పనిచేసి చూడండి. స్వచ్ఛంద సంస్థను నడపడమంటే ఎక్కువ భాగం అదే. అది కూడా నచ్చితే వెళ్లండి.

ప్రశ్న: మా కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉన్నాను. ఉద్యోగులు సేవా కార్యక్రమాలకు వెచ్చించే పనిగంటల జీతాన్ని సీఎస్‌ఆర్ (కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన) ఖర్చుగా చూపిద్దామని మా డైరెక్టర్ అంటున్నారు. కుదురుతుందా?
- ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: ఆ దారి వద్దు. ఉద్యోగుల గంటల్ని డబ్బుగా మార్చి సీఎస్‌ఆర్ ఖాతాలో రాయడానికి ఆమోదం లేదు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం అంతకుముందు సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేది, మామూలు వ్యాపారంలో భాగమైనది ఇందులోకి రావు. పరిపాలన ఖర్చులు 5 శాతం దాటకూడదు. బయటి సంస్థ ద్వారా చేయిస్తే దానికి సీఎస్‌ఆర్-1 నమోదు (ఇలాంటి డబ్బు తీసుకునే సంస్థలు ప్రభుత్వం దగ్గర చేసుకోవాల్సినది) ఉందో లేదో డబ్బు పంపకముందే చూడండి. మార్చి నెలాఖరులో హడావిడిగా చెక్కులు రాసే అలవాటు ఉంటే ముందు అది మాన్పించండి. అప్పుడు వెళ్లే డబ్బు ఎక్కువగా దుప్పట్లు, స్కూలు బ్యాగులుగా మారుతుంది, ఫొటోలు బాగుంటాయి.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు గ్రామీణ శాఖకు మేనేజర్‌గా వచ్చి ఎనిమిది నెలలైంది. పైఆఫీసు రోజూ అడిగేది డిపాజిట్లు ఎంత, బీమా పాలసీలు ఎన్ని అనే. మహిళా సంఘాల రుణాల మీద మనసు పెట్టాలని ఉంది. అది నా ప్రమోషన్‌కి పనికొస్తుందా? మూడేళ్లకు బదిలీ అయిపోతే చేసిందంతా నీళ్లపాలే కదా?
- ఒక మహిళా మేనేజర్

జవాబు: మేడం, మీరనుకుంటున్నంత వైరం సంఘాల రుణాలకూ ప్రమోషన్‌కూ లేదు. వాణిజ్య బ్యాంకులు తమ మొత్తం రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి (వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటివాటికి), ఆ 40లో భాగంగానే మొత్తం రుణాల్లో 12 శాతం బలహీన వర్గాలకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సంఘాల రుణాలు ఈ రెండో లెక్కలోకి కూడా వస్తాయి. మీ రీజినల్ మేనేజర్‌కి మార్చిలో కావలసింది సరిగ్గా ఈ అంకె. నెలకోసారి ఒకే పేజీలో మంజూరు చేసిన సంఘాలు, మొత్తం, బకాయి పడ్డవి ఎన్ని అని అడక్కుండానే పంపండి. రెండు క్వార్టర్లలో మిమ్మల్ని అడిగే ప్రశ్నలు మారతాయి.

ఇక పని. సంఘం అర్హతకు చూడాల్సినవి మీకు తెలిసినవే: కనీసం ఆరు నెలలుగా నడుస్తూ ఉండాలి, క్రమంగా సమావేశాలు, క్రమంగా పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, రాసి ఉన్న పుస్తకాలు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద మొదటి విడత సంఘం నిధికి ఆరు రెట్లు లేదా కనీసం లక్షన్నర, రెండో విడత ఎనిమిది రెట్లు లేదా కనీసం మూడు లక్షలు. పది లక్షల వరకు తాకట్టు, మార్జిన్ (సంఘం సొంతంగా పెట్టాల్సిన వాటా) అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను రుణానికి పట్టి ఉంచకూడదు. చాలా శాఖల్లో తప్పేది ఈ చివరిదే. నియమం పుస్తకంలో ఉంటుంది, కౌంటర్‌లో మాత్రం 'పొదుపు తీయడానికి లేదమ్మా' అంటారు. మీ శాఖలో అలా పట్టి ఉంచిన ఖాతాలెన్నో ముందు లిస్టు తీయించి విడుదల చేయండి. ఒక్క రోజు పని. మీ మీద ఊరి నమ్మకం అక్కడ మొదలవుతుంది. పొదుపు ఖాతా తెరవడానికి సభ్యులందరి కేవైసీ కూడా అక్కర్లేదు, సంఘం లీడర్లది చాలు.

రుణాలు ఎక్కడ చెడతాయంటే, పంపకంలో. పది లక్షలు వస్తే పదిమందీ తలా లక్ష పంచుకుంటారు. అవసరం లేనామె తన వాటాను పక్కామెకు వడ్డీకిస్తుంది, లేదా మరిది వ్యాపారానికి పెడుతుంది. మొదటి పంట పోయిన ఏడు ఆ ఒక్క వాయిదా ఆగుతుంది, దాంతో సంఘం మొత్తం ఎన్‌పీఏ (మొండి బాకీ) వైపు జరుగుతుంది. అందుకే మంజూరుకు ముందు రుణ ప్రణాళిక చూడండి: ఎవరికి ఎంత, దేనికి, ఏ నెలలో చేతికి డబ్బు తిరిగి వస్తుంది. పది వాటాలూ సమానంగా ఉంటే ఆ కాగితం రాసింది సభ్యులు కాదని అర్థం. సంఘాలను చూసే సీసీని (కమ్యూనిటీ కోఆర్డినేటర్), బ్యాంకులో సంఘాలకు సాయపడే బ్యాంకు మిత్రను పిలిచి మళ్లీ కూర్చోబెట్టండి. పాలు పోసే ఆమెకు నెలనెలా వాయిదా సరిపోతుంది, పత్తి వేసే ఆమెకు నవంబరు దాకా చేతిలో ఏమీ ఉండదు; ఆ తేడాను సంఘం లోపలి అప్పుల్లో సర్దుకునేలా నేర్పాలి. వారంలో ఒక మధ్యాహ్నం, ఉదాహరణకు మంగళవారం మూడు తరవాత, సంఘాలకే అని బోర్డు పెట్టండి. ఏ రోజైనా రమ్మంటే ఏ రోజూ పని జరగదు, కూలి పోగొట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంటారు.

బీమా టార్గెట్ తప్పదు. రుణం కావాలంటే పాలసీ తీసుకోవాల్సిందే అని మెలిక పెట్టే పద్ధతి మాత్రం మీ శాఖలో రానివ్వకండి. ముందు 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా ప్రతి సభ్యురాలికీ ఉండేలా చూడండి. సభ్యురాలు మరణిస్తే మొదటిదాని కింద, ప్రమాదంలో మరణిస్తే రెండోదాని కింద రెండు లక్షలు వస్తాయి. మొదటిది 18 నుంచి 50 ఏళ్లవారికి, రెండోది 70 వరకు. ఈ పాలసీల ఏడాది జూన్ 1న మొదలవుతుంది, ప్రీమియం మే చివరి వారంలో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఆ వారం ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగుతుంది, ఆ సంగతి మనిషి పోయాకే ఇంటివాళ్లకు తెలుస్తుంది. మే 15 నాటికి ఐదు వందలకంటే తక్కువ ఉన్న ఖాతాల జాబితా తీసి గ్రామ సంఘాలకు పంపడం మీ శాఖలో ఒక గుమాస్తా రెండు గంటల పని. మీ పదవీకాలంలో మీరు చేసే మేళ్లలో ఇంత తక్కువ శ్రమకు ఇంత విలువైనది మరొకటి దొరకదు.

బదిలీ సంగతి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. దాన్ని స్థాపించిన సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు 2009 జనవరి 7న కంపెనీ ఖాతాలు తారుమారు చేసినట్టు ఒప్పుకుని పదవి వదిలారు. బండ్లు మాత్రం ఆగలేదు. ప్రభుత్వంతో ఒప్పందం ఉంది, కాల్ ఎత్తే మనిషి నుంచి బండిలోని టెక్నీషియన్ దాకా ఎవరేం చేయాలో రాసి ఉంది, మరో యాజమాన్యం వచ్చి అందుకుంది. (బయట ఎంత మంచి పని చేసినా లోపలి లెక్కల తప్పు మాసిపోదన్నది కూడా ఆ కథలోనే ఉంది.) మీ శాఖ స్థాయిలో దీనికి కావలసింది తక్కువే. మంగళవారం పద్ధతిని శాఖ రిజిస్టరులో రాయించండి, మండల సమాఖ్య సమావేశపు తీర్మానంలో ఎక్కించండి. రెండో ఏడాది నుంచి రుణ ప్రణాళికల పరిశీలన ఫీల్డ్ ఆఫీసర్ చేతికి వదిలేయండి. మీరు పోయాక కొత్త మేనేజర్ మంగళవారం తలుపు మూస్తే అడిగే హక్కు సమాఖ్య మహిళలకు ఉంటుంది. వాళ్లు అడుగుతారు కూడా.

ప్రశ్న: అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుణ్ని, పూర్వ విద్యార్థుల సంఘంలో కోశాధికారిని, ఆఫీసులో డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని, గుడి కమిటీలోనూ ఉన్నాను. ఊరందరికీ సమయం ఉంది, ఇంటికే లేదని మా ఆవిడ అంటోంది.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆవిడ చెప్పింది నిజం. ఉద్యోగం కాక ఒక్క బాధ్యత ఉంచుకోండి, మహా అయితే రెండు. మిగిలిన వాటికి తేదీ వేసి రాజీనామా రాయండి. 'కాస్త తగ్గిస్తాను' అంటే ఎవరూ వదలరు. కోశాధికారి పదవి ముందు వదలండి, దానికి ఖాతాలు, రశీదులు, బ్యాంకు సంతకాల మార్పు అప్పజెప్పడానికి నెల పడుతుంది.

ప్రశ్న: పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. బ్యాచ్ ఆలస్యమైతే నా అప్రైజల్ పోతుంది. చిన్న చిన్న ప్రమాదాలు నమోదు చేస్తే 'జీరో యాక్సిడెంట్' రికార్డు పోయిందని తిడతారు. నిజాయితీగా ఉంటూ పైకి ఎదగడం ఇక్కడ సాధ్యమా?
- ఒక పాఠకుడు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే బరువైన కుర్చీ మీదే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు, ఫ్యాక్టరీలో సైరన్ మీటలు ఉండి కూడా ఎవరూ నొక్కలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. మీట ఉంటే చాలదు, నొక్కితే తిట్టు తిననన్న నమ్మకం షిఫ్టులోని చివరి మనిషికి ఉండాలి. ఆ నమ్మకం ఇచ్చేది ఎండీ కాదు, షిఫ్ట్ ఇన్‌ఛార్జి.

రియాక్టర్‌లోకి (రసాయనాలు కలిపే పెద్ద మూసిన పాత్రలోకి) మనిషి దిగే పని తీసుకోండి. పర్మిట్ మీద సంతకం మీదే. అందులో నింపే నైట్రోజన్‌కు వాసన, రంగు ఉండవు. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోట రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. వాల్వ్ కట్టేస్తే సరిపోదు, లైన్‌కి బ్లైండ్ (గొట్టానికి అడ్డంగా బిగించే పలక) వేయాలి. మీటరుతో ముందు ఆక్సిజన్ చూడాలి, తరవాత మండే ఆవిరి, ఆ తరవాత విషవాయువు. ఈ వరసకు కారణం ఉంది: ఆక్సిజన్ తక్కువైతే మండే ఆవిరిని కొలిచే సెన్సర్ చాలా రకాల మీటర్లలో తప్పు చూపిస్తుంది. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, మనిషి లోపల ఉన్నంతసేపూ మీటరు నడుస్తూనే ఉండాలి. బయట నిలబడ్డ మనిషి ఏం జరిగినా లోపలికి దిగకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం పోయేది కాపాడబోయినవాడిదే. అందుకే నడుముకు బెల్టు, తాడు, పైన ట్రైపాడ్ ఉండాలి. లాగడం బయటి నుంచే జరగాలి. ఒడిశా, బిహారు నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులకు తెలుగులో చెప్పి సంతకం పెట్టించుకుంటే చెప్పనట్టే. వాళ్ల భాషలో చెప్పించి, తిరిగి చెప్పమనండి.

రికార్డు సంగతి. 'జీరో' అన్న అంకెతో మీరు పోట్లాడి గెలవలేరు, దాని పక్కన ఇంకో అంకె పెట్టించండి: తృటిలో తప్పినవి. గాస్కెట్ కారింది, ఎర్తింగ్ క్లిప్ ఊడింది, తప్పు డ్రమ్ము దగ్గరికి వచ్చింది లాంటివి షిఫ్టుకు కనీసం రెండు రాయాలి, ఏడు రోజుల్లో సరిచేసి మూసేయాలి. రాసినవాడి పేరు చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. మూడు నెలలకు ఆ జాబితాలో ఒకే పంపు, ఒకే వాల్వ్ పదే పదే కనిపిస్తాయి. వాటిని మార్చడానికి అయ్యే ఖర్చు పక్కన, అవి ఆగడం వల్ల పోయిన గంటలు, చెడిన బ్యాచ్‌లు రాసి ప్లాంట్ హెడ్‌కి పంపండి. భద్రత పేరుతో ఆగిన ఫైలు బ్యాచ్ నష్టం పేరుతో కదులుతుంది. ఇది కాస్త చేదు నిజమే కానీ వాడుకోదగిన నిజం.

పనిని ఆపాల్సి వస్తే ఆపండి. పైనుంచి 'నడిపించెయ్' అని ఫోన్‌లో చెబితే వెంటనే మెయిల్ పెట్టండి: 'ఫలానా రియాక్టర్‌లో ఆక్సిజన్ 18.2 శాతం ఉంది, పని ఆపాను. కొనసాగించమని మీరు ఫోన్‌లో చెప్పారు, దయచేసి రాతపూర్వకంగా తెలపగలరు.' కోపం వద్దు, అంకె చాలు. ఆ మెయిల్‌కి 'కొనసాగించండి' అని జవాబు రాసే మనిషి అరుదు. ఒకవేళ అలా రాసేవాళ్లే పైన ఉంటే వేరే యూనిట్ చూసుకోండి. తనిఖీల్లో తప్పు తేలని అనుభవం ఉన్న షిఫ్ట్ ఇన్‌ఛార్జికి జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీలోనూ, అచ్యుతాపురంలోనూ పని దొరుకుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, అమెరికా పౌరుణ్ని, ఒక కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌ని. ప్రకాశం జిల్లాలోని మా ఊరి హైస్కూలుకి ఏటా పదివేల డాలర్లు ఇవ్వాలనుకుంటున్నాను. ఒక ట్రస్టు పెట్టి డబ్బు పంపేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: సరిపోదు, ముందు చట్టం చూడండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారి డబ్బు విదేశీ విరాళమే. అది తీసుకునే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తరవాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. (భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఊరివాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతుంటారు.) కొత్త ట్రస్టు పెట్టి దానికి ఎఫ్‌సీఆర్‌ఏ తెచ్చుకోవడం ఏళ్ల పని. ఆ నమోదు ఇప్పటికే ఉండి, జిల్లాలో పనిచేస్తున్న సంస్థ ద్వారా చేయడమే దగ్గరి దారి. అమెరికాలో పన్ను మినహాయింపు, మీ విరాళానికి మీ కంపెనీ తన వంతు కలిపే జోడింపు విరాళం కావాలంటే అక్కడి 501(సి)(3) సంస్థ (పన్ను మినహాయింపున్న సేవా సంస్థ) ద్వారా వెళ్లాలి.

ఇక దేనికి ఇవ్వాలి? మీ పేరున్న గది కట్టించకండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని అడగండి. విద్యా హక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మీ ప్రాంతంలో, ముఖ్యంగా కనిగిరి వైపు అయితే నీళ్ల ప్లాంటు అడుగుతారు, ఫ్లోరైడ్ ఉంది కాబట్టి. తప్పక పెట్టించవచ్చు, కానీ ప్లాంటు ధర తక్కువ సమస్య. మెంబ్రేన్లు (నీటిని వడకట్టే పొరలు) రెండు మూడేళ్లకు మార్చాలి. లోపలికి వెళ్లిన నీళ్లలో పెద్ద భాగం మరింత ఫ్లోరైడ్‌తో బయటికొస్తుంది, దాన్ని బోరు పక్కనే వదిలితే మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. ఆర్నెల్లకోసారి శుద్ధి చేసిన నీటిని ల్యాబ్‌కి పంపాలి: లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతి. బడుల్లో మూలనపడ్డ ప్లాంట్లు చాలావరకు మెంబ్రేన్ మార్చే డబ్బు, మార్చాల్సిన మనిషి ఎవరో తేలక ఆగినవే. పదివేల డాలర్లలో రెండున్నర వేలు నిర్వహణకని విడిగా ఉంచండి, మూడేళ్ల మాట ఇవ్వండి, ఏడాదికి ఒకటే పని పెట్టుకోండి.

డబ్బు కంటే మీ దగ్గర ఎక్కువగా ఉన్నది మీ హోదా. మీ కంపెనీకి హైదరాబాదులో ఆఫీసు ఉంటే, అక్కడి ఇంటర్న్‌షిప్‌లలో రెండు సీట్లు ప్రకాశం, మార్కాపురం వైపు పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకు పోటీ పరీక్ష ద్వారా ఇచ్చేలా చేయడం మీ స్థాయిలో సాధ్యం. మీ ఊరి పిల్లలకే అని పట్టుబట్టకండి, బంధువుల ఫోన్లు మొదలవుతాయి. ఎంపికలో మీరు అసలు ఉండకండి. స్టైపెండ్‌తో పాటు హైదరాబాదులో హాస్టల్ ఖర్చు కలపకపోతే ఎంపికైనవాళ్లలో సగం మంది రారు. జోడింపు విరాళానికి చాలా కంపెనీల్లో ఏడాది చివరితో గడువు ముగుస్తుంది కాబట్టి, ఈ ఏడాది డబ్బు విషయం ముందు ఆ ఫారంతో మొదలుపెట్టండి.